బానెట్ ఎత్తకూడదు

బోల్టు బిగుసుకోవాల్సిన చోట బిగుసుకోలేదు. ఇంకో చుట్టు తిప్పాడు అల్లుడు. తిరిగింది. మరో చుట్టు తిప్పాడు. అదీ తిరిగింది. అంత సాఫీగా తిరిగే బోల్టుని చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది.

కారు అత్తగారిది. దాని బానెట్ ఇంకెవరూ ఎత్తకూడదన్నది ఆ ఇంట్లో శాసనం. నీళ్ళు పొయ్యాలన్నా, ఆయిలు చూడాలన్నా ఆవిడే చూడాలి. అల్లుడు వచ్చిన రెండు రోజుల నుంచీ కారు దగ్గర కమురు వాసన వస్తోంది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరికని ఆటోలో వీధి మలుపు తిరగ్గానే, కొత్తల్లుడికి ఘనకార్యం చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఇంజను పైమూత అంచున ఆయిలు చెమ్మ కనిపించింది. పక్కనే ఉన్న బోల్టుని కాస్త బిగిద్దామని స్పానరు వేశాడు. అంతే.

“ఏం చేస్తున్నావ్ అల్లుడూ?”

షెడ్డు గుమ్మంలో మామగారు. అల్లుడు బోల్టు మీద అరచెయ్యి కప్పేశాడు.

“ఏం లేదు మామయ్యా. ఊరికే చూస్తున్నా.”

“చెయ్యి తియ్యి.”

తీశాడు. మామగారు వంగి రెండు వేళ్ళతో బోల్టు తిప్పారు. ఆడుతూ పాడుతూ తిరిగింది.

“త్రెడ్డు పోయింది. లోపలి మరలన్నీ అరిగిపోయాయి,” అన్నారు.

“నేను గట్టిగా కూడా తిప్పలేదు, ఒట్టు! అత్తయ్యకి తెలిస్తే ఇంక నా మొహం చూస్తారా? పెళ్ళయి మూడు నెలలైనా కాలేదు.”

మామగారు లోపలికి వెళ్ళి ఓ చెప్పుల పెట్టె తెచ్చారు. అందులో డ్రిల్లు బిట్టు, మరలు కోసే ట్యాపు, అరిగిన మరల బదులు రంధ్రంలో దించే, స్ప్రింగుల్లాంటి సన్నటి తీగచుట్టలు. వేటికీ సీలు కూడా విప్పలేదు.

“ఇవి ఇంట్లో ఎందుకున్నాయి మామయ్యా?”

“కిందటి నెల మీ అత్తయ్య వాళ్ళక్క ఇంటికెళ్ళినప్పుడు నాకూ ఆ వాసనే వచ్చింది,” మామగారు గొంతు తగ్గించారు. “నేనూ ఆ బోల్టే బిగించబోయాను. ఇలాగే తిరిగింది. సామాను కొన్నాను గానీ ధైర్యం చాల్లేదు.”

“అంటే నేను కాదా!” అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. “మరి చెప్పరేం?”

“నువ్వు అల్లుడివి నాయనా. నిన్నయితే ఓ పూట సాధించి వదిలేస్తుంది. నావయితే ముప్ఫై ఏళ్ళ పాత తప్పులన్నీ బయటికి తీస్తుంది. నువ్వే చేశావని ఒప్పేసుకో.”

“చచ్చినా ఒప్పుకోను.”

“సరే, ఆవిడ వచ్చేలోగా బాగుచేసేద్దాం. ఎవరం ఒప్పుకోనక్కర్లేదు.”

పనిలోకి దిగారు. లోహపు రజను ఇంజనులో పడకుండా బిట్టుకి దట్టంగా గ్రీజు పూశారు. పాత రంధ్రాన్ని కాస్త పెద్దది చేశారు. అల్లుడు ట్యాపు తిప్పుతుంటే, “అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి” అంటూ మామగారు మంత్రంలా జపించారు. కొత్త మరల్లోకి తీగచుట్ట దించి, ఇక అక్కర్లేని దాని కొస తోక విరిచేశారు. బోల్టు పెట్టి తిప్పారు. రెండు చుట్లు, మూడు, నాలుగు... ఆగింది!

మామా అల్లుళ్ళు కావలించుకున్నారు. పెళ్ళిరోజున కూడా అంత ప్రేమగా కావలించుకోలేదు.

“బానెట్ ఎవరెత్తారు?”

అత్తగారు! ఓ చెయ్యి వాచిన దవడ మీదుంది. చూపు మాత్రం ఇంజను మీదే ఉంది.

అల్లుడు మామగారి వంక చూశాడు. పెద్దాయన చెప్పుల పెట్టెని కాలితో కారు కిందికి తోస్తున్నారు. చూస్తే జాలేసింది.

“నేనే అత్తయ్యా. బోల్టు త్రెడ్డు పాడుచేశాను.”

“కాదే, నేను!” మామగారు అడ్డొచ్చారు. “అతన్నేమీ అనకు. కిందటి నెల పాడుచేసింది నేనే. ఇప్పుడు ఇద్దరం కలిసి బాగుచేశాం.”

అత్తగారు ముందుకొచ్చారు. స్పానరు అందుకుని, బోల్టు మీద వేసి నొక్కి చూశారు. కదల్లేదు. మళ్ళీ నొక్కారు. అయినా కదల్లేదు. ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. 

“అమ్మయ్య! నేను పాడుచేసిన బోల్టుకి ఏడాదిగా కాపలా కాయలేక చచ్చాను.”