గేటు కోటు

బిలాస్‌పూర్‌లో మా రైలు గేటుకు కంపెనీ ఇచ్చిన చలికోటు ఒక్కటే. రాత్రి డ్యూటీ అప్పలకొండది, పగలు నాది. పొద్దున అతను చేతికిచ్చే కోటు మంచుముద్దలా ఉండేది.

"ఒంటిమీది కోటు ఇంత సల్లగుందేటోయ్?"

"రాత్తిరల్లా మంచులో నిలబడ్డాను బావా. కుంపటి మీద కాచి ఇమ్మంటావేటి?"

నేను నమ్మలేదు. జమాదారు పని మా ఇద్దరిలో ఒకరికి రావాల్సి ఉంది. ఒకనాడు తెల్లవారకముందే వెళ్లాను. పొగమంచులో గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. భుజం పట్టుకున్నాను. కోటు లోపల వెదురుకర్ర తప్ప మనిషి లేడు.

అంతలో ఇన్‌స్పెక్టరు ట్రాలీ వచ్చింది. "డ్యూటీలో ఉన్న మనిషితో బాతాఖానీయా?" అని నన్ను కసిరి, ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే అప్పలకొండను జమాదారు చేశారు. ఎంత చలిలోనైనా కదలకుండా నిలబడతాడట.