ఆఖరి రెండు సీసాలు

మౌరీన్ కొట్లో సరుకు దిగిందన్న కబురు పావుగంటలో ఊరంతా పాకింది.

గ్లెనిస్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటపడింది.

స్పెయిన్ తీరంలోని ఆ చిన్న ఊళ్లో ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన ఇంగ్లీషువాళ్లందరికీ అదొక్కటే కొట్టు. బ్రౌన్ సాస్ కావాలన్నా, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు కావాలన్నా అక్కడికే రావాలి. ఆరు వారాలుగా అక్కడ పికలిల్లి లేదు.

రేపు క్రిస్మస్. ఎల్లుండి మిగిలిన చల్లటి మాంసంలోకి ఆ పచ్చటి ఆవపచ్చడి లేకపోతే అదొక పండగా అని జనం బాధ.

గ్లెనిస్ బాధ పండగ గురించి కాదు.

కూతురు టామ్సిన్‌కి తొమ్మిదో నెల. వారం రోజులుగా నోటికి ఏదీ సహించడం లేదు. "అమ్మా, కాస్త పికలిల్లి ఉంటే రెండు రొట్టెలు తినేదాన్నే" అంది నిన్న.

తినకపోతే బిడ్డ బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే అద్దాల పెట్టెలో పెడతారు. పెట్టెలో ఉండగా కరెంటు పోతే?

అక్కడిదాకా ఆలోచించేసరికి నడక పరుగైంది.

అప్పటికే కొట్టు ముందు బారెడు లైను. మనిషికి రెండు సీసాలే అని తలుపు మీద కాగితం అంటించారు.

"చాలా వచ్చిందా?" ముందున్న నార్మన్‌ని అడిగింది.

"తక్కువేనట."

"మన దాకా వస్తుందా?"

"నువ్వలా అడక్కు గ్లెనిస్. నాకూ గుండె దడ మొదలవుతుంది."

వీధిన పోతున్న అంపారో కూరల సంచి దించి మరీ చూసింది. ఆవిడ ఆ ఊరి మనిషి.

"క్యాలీఫ్లవర్ ముక్కలకి ఆవపిండి, పసుపు పట్టిస్తే, దానికోసం ఇంత లైనా?"

"నువ్వెళ్లి ఆలివ్ కాయలు నంజుకో తల్లీ" అన్నాడు నార్మన్. లైనంతా నవ్వింది.

లోపల మౌరీన్ పెట్టెలు విప్పుతోంది. బల్ల దగ్గర అమ్ముతున్నది ఆమె చెల్లెలు పౌలీన్. నిన్ననే లీడ్స్ నుంచి వచ్చింది, ఊళ్లో ఎవరినీ ఎరగదు.

లైను కదిలింది. నార్మన్ తన సీసాలు అందుకుని గుమ్మం దాటలేకపోయాడు. అక్కడే మూత తిప్పి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది నార్మన్?" గ్లెనిస్ హడలిపోయింది.

"ఏం కాలేదు. మా అమ్మ వంటింట్లో ఉన్నాను. కాసేపు పిలవకు."

ఆ ఆవఘాటు లైను చివరిదాకా పోయింది. అందరికీ నోళ్లూరాయి.

గ్లెనిస్ ముందు ఇంకొక్కరే ఉన్నారు. అంతలో పక్క తలుపులోంచి ఒకాయన వచ్చాడు. నలిగిన కోటు, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క సీసా ఇస్తారా అమ్మా? మౌరీన్ గారు..."

లైనులో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో విసుగ్గా నాలుక చప్పరించారు. ఎంత మండినా ఆ జనం అంతకు మించి పైకి ఏమీ అనరు.

గ్లెనిస్ అంది.

"ఏమండీ పెద్దమనిషీ, లైను అటు నుంచి."

ఆయన తిరిగి చూశాడు.

"ఒక్కటేనమ్మా. మా అమ్మకి. తొంభై దాటాయి, నోటికి ఏ రుచీ తెలియడం లేదు."

"ఇక్కడ అందరికీ అమ్మలూ ఉన్నారు, కూతుళ్లూ ఉన్నారు. లైను మాత్రం ఒక్కటే ఉంది."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు కందిపోయాయి. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"నిజమే. తప్పు నాదే" అని వెళ్లి అందరికంటే వెనక నిలబడ్డాడు.

గ్లెనిస్ వంతు వచ్చింది. పౌలీన్ రెండు సీసాలు బల్ల మీద పెట్టి, "ఇవే ఆఖరివి" అంది.

లైనంతా ఉసూరుమంది. గ్లెనిస్‌కి మాత్రం కాళ్లు నేల మీద నిలవలేదు. సీసాలు సంచిలో పెట్టుకుని, సంచిని చంటిబిడ్డలా గుండెలకి హత్తుకుంది.

లైను చివర ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"దొరికాయా అమ్మా?"

"దొరికాయి. మా అమ్మాయికి, తొమ్మిదో నెల."

"అయితే మంచి చోటికే చేరుతున్నాయి" అని నవ్వాడు.

ఒకటి ఇచ్చేద్దామా అనిపించింది గ్లెనిస్‌కి. దారిలో ఒక సీసా పగిలితే? కాన్పు వారం ఆలస్యమైతే? చెయ్యి సంచి మీద మరింత బిగుసుకుంది.

"ఈసారి సరుకొచ్చినప్పుడు కాస్త పెందలాడే రండి" అంది, సలహా చెబుతున్నట్టు.

"అలాగేనమ్మా" అని ఆయన కోటు బొత్తాలు పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు.

మౌరీన్ లోపల్నుంచి పొగలు కక్కే టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఆయనేడే?"

"ఎవరు?" అంది పౌలీన్.

"కోటు వేసుకున్నాయన. ఇప్పుడే నీ దగ్గరికి పంపించాను కదా."

గ్లెనిస్ మలుపు దాకా పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. రొప్పుతూ వెనక్కి వచ్చింది.

"ఎవరు మౌరీన్ ఆయన?"

"పేరు కూడా సరిగ్గా చెప్పలేదు. కొండ మీది ఊళ్లో ఉంటాడట. పండగ దాటితే గాని సరుకు తేలేమని లారీవాళ్లు చెప్పేశారని తెలిసి, తనే ఫోన్ చేశాడు" అంది మౌరీన్. "ఇంకేం వద్దు, మా అమ్మకి ఒక్క సీసా చాలన్నాడు. లైనుతో పనేముంది, నేరుగా వెళ్లి తీసుకోండి అని నేనే పంపాను, రెండు రోజులు ఓడరేవులో పడిగాపులు కాసి మనందరి పికలిల్లీ సొంత వ్యానులో వేసుకొచ్చిన మనిషిని."