ఖాళీ గీత

"ఈ వయసులో స్పానిషేమిటే? ఉన్న భాషలో ఏం ఒరగబెట్టావని!" లెక్కల మాస్టారు తన భార్య నోటుబుక్కు లాక్కుని, ఎర్రపెన్ను మూత తీశారు.

ఒక్కో స్పానిష్ మాట, దాని తెలుగు, పక్కన ఒక సొంత వాక్యం.

"యో, నేను. నేను వండుతాను. ఎల్, అతను. అతను తప్పులు వెతుకుతాడు. ఓహో, నా మీదేనా!" పకపకా నవ్వారు. "నోసోత్రోస్, మనం... ఇక్కడ ఖాళీయా? ఇంత తేలికది కూడా రాలేదూ, మొద్దూ!"

"వచ్చండీ." ఆమె చేతులు తుడుచుకుంది. "ఇంట్లో నిజంగా జరిగేవే రాయమంది టీచరు. మనిద్దరం కలిసి చేసేది రెండ్రోజులుగా వెతుకుతున్నాను. మీకేమైనా తడితే చెప్పండి, రాస్తాను."

మాస్టారు ఖాళీ గీత మీద పెన్ను ఆనించారు. ఎర్రమరక పెద్దదవుతోంది గానీ, ఆయనకేమీ తట్టడం లేదు.