తాళాల మేస్త్రి ఫొటో

ముసలామె కరచాలనం చేసి అలా వెళ్లగానే, వసుంధర బాత్రూమ్‌లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. అయినా అసహ్యం వదల్లేదు.

ఆమె పేరు హలీనా. పోలండ్‌లో దొంబ్రోవీనా అనే చిన్న ఊళ్లో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైంది. కూతురికి సింగపూర్ బ్యాంకులో ఉద్యోగం కావడంతో ఇక్కడ సెరంగూన్ పేటలో ఆ పిల్ల దగ్గరే ఉంటోంది. దొంబ్రోవీనాలోనే పుట్టి, ఇక్కడ ఓడల వ్యాపారం చేస్తున్న ఒకాయనకు సొంతూరి చరిత్ర మీద వెబ్‌సైట్ పెట్టించాలని బుద్ధి పుట్టింది. ఖర్చు ఆయనది. విషయం చెప్పేది హలీనా. చేసిపెట్టేది వన్-నార్త్ ఐటీ పార్కులో వసుంధర పనిచేసే కంపెనీ.

ప్రతివాడికీ ఒక వెబ్‌సైట్ కావాల్సిన రోజులవి. గుంటూరులో చరిత్ర ఎమ్మే చదివి, పెళ్లయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి ఇక్కడికొచ్చిన వసుంధర, ఫర్నిచర్ షాపులకూ పళ్ల డాక్టర్లకూ పేజీలు రాసి రాసి విసిగిపోయింది. ఈ పని దొరకగానే ప్రాణం లేచొచ్చింది. ఉప్పు సంత, చెక్కతో కట్టిన చర్చి, ఫైర్ బ్రిగేడ్ వాళ్ల బ్యాండు మేళం, యూదుల రొట్టెల వీధి. ఆ ఊళ్లో ఒకప్పుడు సగం మంది యూదులే. చూడని ఊరు ఆమెకు కలల్లోకి రావడం మొదలెట్టింది.

తర్వాత, నెట్‌లో దొరికిన పాత కోర్టు తీర్పు ఒకటి ఇంగ్లీషులో చదివింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వచ్చిన వేసవిలో, ఊరివాళ్లే కొందరు రొట్టెల వీధి జనాన్ని ఇళ్లలోంచి లాగి, ఊరి చివరి ధాన్యం కొట్టంలోకి తోలారు. చంటిపిల్లల్నీ వదల్లేదు. తలుపులు మూసి నిప్పు పెట్టారు. బయట తాళం వేసింది ఊరి తాళాల మేస్త్రి. ఫైర్ బ్రిగేడ్ కెప్టెన్ కూడా ఆయనే. నీళ్లబండి షెడ్డులోంచి కదల్లేదు. యుద్ధం ముగిశాక ఆయనకు శిక్ష పడింది. జైల్లోనే పోయాడు.

ఆ మేస్త్రి కూతురే హలీనా.

ఆ మాట ఆమే చెప్పింది, ఏ జంకూ లేకుండా, బ్యాగులోంచి తండ్రి ఫొటో తీస్తూ. ఇత్తడి బొత్తాల యూనిఫాం, దువ్విన మీసం, ముఖం నిండా నవ్వు.

"ఇది పెద్దదిగా పెట్టాలి. సైట్ తెరవగానే కనబడాలి," అంది.

చర్చి ఫొటో అయితే అందంగా ఉంటుందని వసుంధర మెల్లగా చెప్పి చూసింది. ఆమె వినలేదు. మరుసటి వారం అదే ఫొటోను స్టూడియోలో ఇంకా పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చింది. కళ్లు స్పష్టంగా కనబడుతున్నాయా అని అడిగింది. గాజు మీద దుమ్మును రుమాలుతో తుడిచింది. తనను భుజాల మీద ఎక్కించుకుని సంతంతా తిప్పేవాడని, బాగా పాడేవాడని చెప్పుకొచ్చింది. ముసలామె వెళ్లగానే వసుంధర, ఆమె ప్రేమగా చేసి తెచ్చిన గసగసాల కేకును డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేసింది.

ప్రాజెక్ట్ మేనేజర్ శశికాంత్ దగ్గర మొత్తుకుంటే, అతను తేలిగ్గా కొట్టిపారేశాడు.

"వాళ్ల ఊరు, వాళ్ల కంటెంటు. మనకెందుకండీ ఈ గొడవ? అప్‌లోడ్ చేసి వదిలేద్దాం."

ఆ మధ్యాహ్నమే ఓడల వ్యాపారి ఫోన్ చేశాడు. కొట్టం సంగతి అంత వివరంగా అక్కర్లేదన్నాడు. 'యుద్ధంలో మా ఊరు ఎంతో నష్టపోయింది' అని ఒక్క వాక్యం చాలన్నాడు. శశికాంత్ సరేనన్నాడు.

వసుంధరకు అంతా అర్థమైపోయింది. వ్యాపారీ హలీనా ఇద్దరూ కూడబలుక్కున్నారు. చేసిన పాపం మాయం చేయడం ఆయన వంతు. చేసినవాణ్ణి దేవుడిలా పైన కూర్చోబెట్టడం ఈమె వంతు. హాకర్ సెంటర్ భోజనశాలలో అన్నం ముందు కూర్చుంటే, పక్క స్టాల్‌లో సాటే మాంసం పుల్లలు కాలుస్తున్న పొగ ముక్కుకు తగిలింది. ముద్ద ముట్టకుండానే లేచి వచ్చేసింది.

శనివారం హలీనా వచ్చింది. వసుంధర ఆమెను మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, కొత్త పేజీ తెరిచి, ఆ ఒక్క వాక్యం చూపించింది. ముసలామె కళ్లద్దాలు సవరించుకుని చదివింది. మళ్లీ చదివింది. తెర మీంచి చూపు తిప్పేసుకుంది. ఇప్పటికైనా సిగ్గేసిందన్నమాట, అనుకుంది వసుంధర.

ఇక ఆపుకోలేకపోయింది.

"మీరు కోరినట్టే మచ్చంతా తుడిచేశాం. ఆ ఫొటో మాత్రం నా చేత్తో పెట్టను. కావాలంటే మా మేనేజర్‌తో చెప్పి నన్ను తీసేయించండి," అంది.

హలీనా బ్యాగులోంచి ఆ ఫొటో ఫ్రేమును బయటికి తీసింది.

"కన్నతండ్రి కాబట్టి మీకు ప్రేమ ఉండొచ్చు. కానీ ఆ మొహం చూసి మీ ఊరు గర్వపడాలా?"

ముసలామె ఫొటోను బల్ల మీద పెట్టి, వసుంధర వైపు మెల్లగా జరిపింది. ఆమె గొంతులో కోపం లేదు.

"అంతా పరాయి సైనికులే చేశారని మా ఊరు ఇప్పటికీ చెప్పుకుంటోంది. విచారణ రోజు కోర్టులో లేచి ఈ మొహాన్ని వేలెత్తి చూపించింది, పద్నాలుగేళ్ల నేను ఒక్కదాన్నే."