నాలుగు గిటార్లు

"ఆ నలుగురి పేర్లు చెప్పు. మేం పోతం," అన్నాడు వెంకటనారాయణ.

బాబూరావు నోట్లో ఊరిన రక్తాన్ని నేలమీద ఉమ్మాడు. పట్టపగలు. కింద రోడ్డు మీద పాల్వంచ బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. కానీ రికార్డింగు గది గోడలకు పాట కోసం ఆయనే అతికించిన మందపాటి స్పాంజి, లోపలి కేకను మెట్ల దాకా కూడా పోనివ్వదు.

వచ్చినవాళ్లు ఇద్దరు, ఇసుక కాంట్రాక్టరు మనుషులు. చర్ల దారిలో ముగ్గురు కూలీలను ఇసుక లారీ తొక్కేస్తే, ఆయన శిష్యుడు రూప్లా దాని మీద పాట కట్టి ఈ గదిలోనే పాడాడు. నెల తిరక్కుండా ఆ పాట ప్రతి ఫోన్లోనూ మోగింది. పది రోజుల కింద రూప్లాను కూడా లారీయే తొక్కింది.

"పాడినోని పని అయిపోయింది. వాయించినోళ్లు మిగిలిండ్రు. దాంట్ల నాలుగు గిటార్లు వినపడుతున్నయ్."

"నలుగురు లేరన్నా. అన్నీ రూప్లానే వాయించిండు. ఒకదాని మీద ఒకటి పేర్చినం."

రెండోవాడు నాని, ఇనుప రాడ్డుతో ఆయన మోకాలి మీద కొట్టాడు. బాబూరావు కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయాడు.

వెంకటనారాయణ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని పాటను మళ్లీ విన్నాడు. "ఎడమ చెవుల ఉన్నోడు కసిగ కొడుతున్నడు. కుడి చెవుల ఉన్నోడు మెత్తగ మీటుతున్నడు. ఇద్దరూ ఒక్కడేనా?"

"ఒక్కడే. ఒకసారి నిలబడి వాయించిండు, ఒకసారి కూసొని."

"ఒక్కసారి వాయించి నాలుగు కాపీలు కొట్టుకోవచ్చు గదా?" అన్నాడు నాని.

"కాపీ కొడితే చప్పుడు పెరుగుతది గానీ పాట నిండదు. మళ్లా వాయిస్తే వెంట్రుకంత తేడా పడతది. ఆ తేడాకే నలుగురు కూసున్నట్టు అనిపిస్తది. కావాలంటే చూపిస్త."

వెంకటనారాయణ ఆయన ఎడమచేతి చిటికెన వేలును పట్టుకుని వెనక్కి విరిచేశాడు. అరిచి అరిచి బాబూరావు గొంతు పడిపోయింది.

"ఇప్పుడు చూపియ్యి."

బాబూరావు కుర్చీని లేపుకుని కూర్చుని, గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు. మిగిలిన మూడు వేళ్లతో తీగలను అదిమిపట్టి మొదటి వరస వాయించి, కంప్యూటర్‌లో దాన్ని ఎడమ స్పీకరు వైపుకు జరిపాడు. అదే వరస మళ్లీ వాయించి కుడి వైపుకు జరిపాడు. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. ఒక్కచోట తడబడినా నాని రాడ్డు ఈసారి తలమీదే పడుతుంది. మూడోసారి సన్న తీగల మీద, నాలుగోసారి లావు తీగల మీద వాయించాడు. చెయ్యి జారితే తీగ గోటి కింద కోసుకుపోయింది. రక్తాన్ని చొక్కాకు తుడుచుకుని, నాలుగింటినీ కలిపి స్పీకర్లలో పెట్టాడు.

గది నిండిపోయింది. నాని ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

పాట ఆగాక వెంకటనారాయణ నవ్వాడు.

"అంటే నిజంగ ఒక్కడే. వాడెట్లాగూ పోయిండు."

"అవ్ అన్నా."

"మరి వానికి నేర్పింది నువ్వే గదా?"

జవాబు కోసం ఆగలేదు. నాని బాబూరావు కుడిచేతిని బల్లకేసి అదిమాడు. వెంకటనారాయణ గిటార్‌ను మెడ పట్టుకుని ఎత్తి, ఆ చేతి మీద మూడుసార్లు దించాడు. మూడో దెబ్బకు గిటార్, వేళ్లు కలిసి విరిగాయి. తర్వాత కంప్యూటర్‌ను రాడ్డుతో చితక్కొట్టి, ఇద్దరూ తాపీగా మెట్లు దిగిపోయారు.

వాళ్లు తెరిచి వదిలేసిన తలుపులోంచి జీపు చప్పుడు దూరమయ్యేదాకా బాబూరావు కదల్లేదు. తర్వాత నేలమీద పాకుతూ ఫోన్ దగ్గరికి చేరాడు. ఎడమచేతి బొటనవేలితో శిష్యురాలు ప్రమీల నంబరు నొక్కాడు.

"సార్! ఏమైంది సార్?"

ఆయన ఫోన్‌ను చెంపకు ఆనించుకున్నాడు.

"నీతోపాటు వాయించిన ముగ్గురు గిటారోళ్లకూ చెప్పు బిడ్డా, వచ్చినోళ్లు నమ్మిండ్రు."