గీత దిగని నీళ్లు

గ్యాస్ బావి తవ్వేటప్పుడు వచ్చే మడ్డి కోసం నేను కట్టించిన గుంట నుంచి చీమ తాగేంత తడి కూడా భూమిలోకి ఇంకదని పదిమందిలో మీసం మెలేసినవాణ్ణి.

ఓ పొద్దున మా చెల్లెలు గ్లాసు పట్టుకుని వచ్చింది. ముందురోజే దాని ఆఖరి ఆవు చచ్చిపోయింది.

"మా బావి నీళ్లు. తాగు అన్నయ్యా."

"నా గుంట వల్ల కాదే పిచ్చిదానా! అడుగున ప్లాస్టిక్ షీటు పరిపించాను. మంచినీళ్లు నింపి, గీత పెట్టి, రోజంతా చూశాను. వెంట్రుకవాసి దిగితే ఒట్టు!"

"ఏ రోజు?"

"నీ మనవరాలు పుట్టిన రోజు."

దాని ముఖం పాలిపోయింది. "ఆ రోజంతా ముసురు కదా అన్నయ్యా. ఆసుపత్రికి గొడుగేసుకుని వచ్చావు."

నాకప్పుడు వెలిగింది. షీటు చిల్లులోంచి పోయిన నీళ్లను వాన పైనుంచి నింపుతూ వచ్చింది. నేనేమో గీత చూసి, గుంట బాగుందని సంతకం పెట్టాను.

"నువ్వు బాగుందన్నావనే పాపకీ ఆ నీళ్లే పట్టాం" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గ్లాసు లాక్కుని గడగడా తాగేశాను.

ఇదంతా నిజమే. తాగానన్నది మాత్రం నా కోత. అంత ధైర్యం నాకెక్కడిది? చెల్లెలే ఆ నీళ్లు తీసుకెళ్లి, మొక్కకైనా పోయకుండా, తూములో పారబోసింది.