బిడ్డల గుంట

షోళింగనల్లూరులోని ఆ అపార్ట్‌మెంట్ సంఘం ఆదివారం సమావేశమైంది. వెనకనున్న నీటి గుంట గట్టున కొత్త బోర్డు పెడుతున్నారు. దానిమీద ఏ పేరు రాయాలన్నదే తగువు.

గుంటకు పేరు లేక కాదు. అందరూ బిడ్డల గుంట అనే అంటారు. ఆ పేరు వద్దని కోదండపాణి పట్టుబట్టాడు. ఆయన ఇళ్ళ బ్రోకరు. తాతల నాటినుంచీ ఆ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం ఆయనది.

“లేక్ వ్యూ అని పెట్టండమ్మా. గుంట అంటే ఈడ ఫ్లాటు ఎవురు కొంటారు?”

“కమీషన్ కోసం గుంట పేరు కూడా అమ్మేస్తారా అంకుల్?” అంది ప్రణతి.

అందరూ నవ్వారు.

ప్రణతి భీమవరం నుంచి ఉద్యోగానికి వచ్చింది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. చాలా ఏళ్ళు ఎదురుచూశాక పుట్టిన పిల్ల. గట్టుమీది వేపచెట్టుకు గుడ్డ ఉయ్యాల కట్టి మొక్కుకుంటే పిల్లలు పుడతారని ఎవరో చెప్పారు. ఆమె కూడా కట్టింది. ఇప్పుడా చెట్టుకు ఆకులకన్నా ఉయ్యాలలే ఎక్కువ.

“ఇన్ని తమిళ పేర్ల మధ్య ఒక్క తెలుగు పేరు మిగిలింది. బిడ్డల్నిచ్చే గుంట అని మనవాళ్ళే ముచ్చటగా పెట్టుకునుంటారు. మీరే చెరిపేయమంటే ఎలాగండీ?”

“మనోళ్ళే పెట్టినారు. పెట్టినోళ్ళంతా నేలలమ్ముకొని ఎళ్ళిపోయినారు. ఇంక ఎవురికోసరం?”

“అసలెందుకు పెట్టారో మీకేమైనా తెలుసా?”

కోదండపాణి పాప వంక చూశాడు. పిల్ల నిద్రలో పెదవులు చప్పరించింది.

“నాకెట్ట తెలుస్తాదమ్మా? నాకు తెలిసిందంతా రేటే.”

ఓటుకు చేతులెత్తారు. పాత పేరే గెలిచింది.

మాట తూలానేమోనని ప్రణతికి అనిపించింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది.

“ఇక్కడ పెద్దవారు మీరే కదా. బోర్డుకు కొబ్బరికాయ మీరే కొట్టాలి అంకుల్.”

“నాకు పనుందిమ్మా.”

“డబ్బు రాని పనికి ఆయనెందుకొస్తాడండీ!” వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆయన తిరిగి చూడలేదు. గట్టుమీదుగా వెళితే ఇల్లు పక్కనే. ఎప్పటిలాగే మెయిన్ రోడ్డుకు తిరిగి, ఆఫీసు క్యాబుల మధ్య ఒదిగి ఒదిగి నడిచాడు.

ఆ గుంటకు ఆ పేరు పడిన రోజున, కన్నతల్లి చెయ్యిపట్టి నీళ్ళలోకి దించిన ముగ్గురు పిల్లల్లో, ఊరివాళ్ళు పైకి లాగేసరికి ఊపిరి మిగిలినవాడు కోదండపాణి ఒక్కడే.